అమ్మకు కొనే టీవీ అమ్మ చేతికి లొంగాలి

పండుగకు వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లిన వారం పది రోజులకు దివిసీమ గ్రామాలలో చాలా ఇళ్లలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. గోడకు నిగనిగలాడే 43 అంగుళాల కొత్త టీవీ. దాని ఎదుట మంచం మీద రెండు చేతుల్లో రెండు రిమోట్లు పట్టుకుని కూర్చున్న పెద్దాయన. తెర మీద ‘నో సిగ్నల్’ అనే ఇంగ్లీషు మాటలు. వీధిన పోయే కుర్రాణ్ణి కేకేసి పిలుస్తారు. వాడు వచ్చి ఏదో నొక్కి పోతాడు. గంట తరువాత కథ మళ్లీ మొదటికి వస్తుంది.

పిల్లల ప్రేమను శంకించనక్కరలేదు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో కష్టపడి సంపాదించిన సొమ్ము వేలకు వేలు పోసి కొంటున్నారు. చిక్కల్లా వారు తమకు కావలసిన టీవీని తల్లిదండ్రుల ఇంట్లో పెట్టి వెళ్లడంలోనే ఉంది. కొట్టులో వారు అడిగే ప్రశ్నలు వినండి. ఎన్ని అంగుళాలు? ఫోర్‌కేనా? ఏ యాప్‌లు వస్తాయి? సాయంత్రం ఏడు గంటల వార్తలు చూడాలంటే మా అమ్మ ఎన్నిసార్లు మీట నొక్కాలి అని అడిగేవారు ఎక్కడా కనిపించరు.

ఈ పెద్దలు టీవీ ఎరగనివారు కారు. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైన నెల తిరగకుండానే, నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చిపెట్టింది. అప్పుడు ఈ పల్లెలకు తెలిసింది రేడియో ఒక్కటే. తరువాత పదేళ్లకు, 1987లో, ఆదివారం ఉదయం రామాయణం కోసం ఊరికొకటో రెండో ఉన్న టీవీల ముందు చాపలు పరచుకుని కూర్చున్నది ఈ తరమే. ఆ టీవీకి ఒక మీట తిప్పితే బొమ్మ వచ్చేది. ఆ తరువాత కేబుల్ రోజుల్లో డబ్బా టీవీకి ఒకే రిమోట్. ఏ నంబరు నొక్కితే ఏ ఛానల్ వస్తుందో అక్షరం ముక్క రాని మామ్మలకు కూడా కంఠతా వచ్చేది. ఇప్పుడు వారి బుద్ధి మందగించలేదు, పెట్టె తన పద్ధతి మార్చుకుంది.

నేటి స్మార్ట్ టీవీ వేయగానే ఛానల్ రాదు. వరుసలు వరుసలుగా సినిమా బొమ్మలు వస్తాయి. సెట్‌టాప్ బాక్సు వేరే దారిలో ఉంటుంది. ఆ దారికి వెళ్లడానికి ఒక రిమోట్, అక్కడ ఛానల్ మార్చడానికి మరో రిమోట్. వేలు పొరపాటున పక్క మీట మీద పడితే మొత్తం మాయమవుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇదే తంతు. పల్లెలో కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుందో వేరే చెప్పాలా?

దీనికి మందు లేకపోలేదు. వేయగానే నేరుగా సెట్‌టాప్ బాక్సు బొమ్మ వచ్చేటట్టు చేసే ఏర్పాటు చాలా టీవీలలో ఉంది. అడిగితే తప్ప కొట్టువారు చెప్పరు. అలాగే టీవీని వేసి ఆపే మీటను, శబ్దం మీటలను నేర్చుకునే సదుపాయం అనేక సెట్‌టాప్ బాక్సుల రిమోట్లలో ఉంది. ఒకసారి నేర్పిస్తే ఆ ఒక్క రిమోట్ చాలు, రెండోది బీరువాలో పడేయవచ్చు. పావుగంట పని. ఆ పావుగంట కేటాయించకనే వేల రూపాయల సొత్తు గోడకు అలంకారంగా మిగిలిపోతున్నది.

నోటితో చెబితే చాలు, అదే వేస్తుంది అని కొట్టువారు ఊరిస్తారు. ఆ మాట దానికి అర్థం కావాలంటే ఇంట్లో ఇంటర్నెట్ ఉండాలి. పిల్లలు ఉన్నన్నాళ్లు వారి ఫోన్ల నుంచి అందుతుంది. వారు వెళ్లే రోజున అది కూడా వారితోపాటే బస్సెక్కుతుంది. మనవళ్లతో పోటీపడి యూట్యూబులో ప్రవచనాలు వెతుక్కునే పెద్దలు లేకపోలేదు, వారికి ఏ టీవీ అయినా ఒకటే. ఇక్కడి మాట మిగిలినవారి గురించి.

బొమ్మకన్నా ముందు చూడవలసింది శబ్దం. ఈ సంగతి ఎవరికీ పట్టడం లేదు. పలచని టీవీలలో స్పీకర్లు చాలావాటికి కిందకో వెనకకో తిరిగి ఉంటాయి. గోడకు బిగిస్తే మాట గోడకు తగిలి ముద్దగా వస్తుంది. వయసు మీదపడినవారికి ముందుగా తగ్గేది సన్నని ధ్వనులు వినే శక్తి. ‘స’, ‘త’, ‘క’ వంటి అక్షరాలు జారిపోయి, మాట వినిపిస్తుంది గాని ఏమన్నారో తెలియదు. అందుకే శబ్దం పెంచుతారు. పక్కింటివారు విసుక్కుంటారు, ఇంట్లో కోడలు విసుక్కుంటుంది, చివరకు పెద్దాయన టీవీ కట్టేసి అరుగు మీద కూర్చుంటాడు. 55 అంగుళాలకు బదులు 43 తీసుకుని, మిగిలిన సొమ్ముతో మాట స్పష్టంగా వినిపించే సౌండ్‌బార్ కొంటే పెద్దలకు ఎంతో మేలు. అయితే దానికి మరో రిమోట్ వచ్చి మూడు రిమోట్లు అయితే అసలుకే మోసం. టీవీ శబ్దంతోపాటే అదీ పెరిగి తగ్గేటట్టు కలపమని బిగించేవారికి చెప్పాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మంచిదే. ఆ తగ్గిన సొమ్ముతో ఇంకా పెద్దది తీసుకోండి అనడం వ్యాపారుల ధోరణి. పదడుగుల వసారాలో ఎంత తెర కావాలో ఇంటివారే ఆలోచించాలి. గుమ్మం ఎత్తున బిగించడం మరో వింత. మంచం మీద కూర్చున్న మనిషి కంటికి సమానంగా ఉండాలి గాని, దేవుడి పటంలా తల ఎత్తి చూసేదేమిటి?

అన్నిటికన్నా బాధ కలిగించేది మరొకటి ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది. ముందురోజు ఊరంతా టీవీలకు అతుక్కుపోతే, ఒక వృద్ధ దంపతుల ఇంట్లో టీవీ మాత్రం మూగపోయి ఉంది. నెల చందా ఫోనులో కట్టే కుమారుడు పని ఒత్తిడిలో మరిచిపోయాడు. అప్పటికి మూడు వారాలైంది. ఆదివారం ఆదివారం ఫోను చేసి “టీవీ బాగుందా నాన్నా?” అని అడుగుతూనే ఉన్నాడు. “బ్రహ్మాండంగా ఉందిరా” అని తండ్రి చెబుతూనే ఉన్నాడు. చందా సంగతి ఎత్తితే డబ్బు అడిగినట్టు ఉంటుందని ఆయన బెంగ. ఉప్పెనలో సొంతవారిని పోగొట్టుకున్న ఆ మనిషి ఆ రాత్రి తుపాను కబురు కోసం నాలుగు ఇళ్ల అవతలికి గొడుగు వేసుకుని వెళ్లాడు.

ఇలాంటి పెద్దలు ఉన్న ఇంటికి చందా ఆరు నెలలకో ఏడాదికో ఒకేసారి కట్టడం మంచిది. లేదా ఊళ్లో ఉన్న కేబుల్ అబ్బాయికే అప్పగించాలి. బొమ్మ రాకపోతే ఇంటికి వచ్చేది వాడే. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు నెల చందా లేదు, సప్తగిరి ఛానల్ అందులో వస్తుంది. సీరియళ్లకు అలవాటుపడిన ఇంట్లో అది ఒక్కటీ సరిపోదనుకోండి.

వీలైతే అమ్మను కొట్టుకు తీసుకువెళ్లి రిమోట్ ఆమె చేతికి ఇచ్చి చూడాలి. మీటల మీద అంకెలు కనిపిస్తున్నాయా, వేలికి ఆనుతున్నాయా అన్నది ఆమే చెప్పాలి. టీవీని పండుగ వెళ్లే రోజున కాకుండా వచ్చిన రోజునే బిగించాలి. ఉన్న నాలుగు రోజులూ పిల్లలు రిమోట్ ముట్టుకోకుండా ఆమె చేతనే వేయించాలి, ఆమె చేతనే ఆపించాలి. పాత డబ్బా టీవీని ఆ నెలంతా పాత సామానువాడికి ఇవ్వవద్దు. బిల్లు, గ్యారంటీ కార్డు ఊళ్లోనే ఉంచి వెళ్లాలి. చాలామంది వాటిని బ్యాగులో పెట్టుకుని తమతో తీసుకుపోతున్నారు. తీరా మెకానిక్ గుమ్మంలోకి వచ్చి బిల్లు చూపించమంటే, పెద్దాయన బీరువా అంతా వెతుకుతూ ఉంటాడు.