అరబ్ దేశాల నిరక్షరాస్యతకు మతమే కారణమా?

అరబ్ దేశాల్లో చదువు ఎందుకు వెనకబడిందని ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసే మొదటి కారణం మతం. నేనూ అలాగే రాసేవాణ్ణి. ప్రిపరేషన్ కోసం కోల్‌కతాలో ఉంటూ ఆ వాక్యాన్ని కొట్టేశాను.

యూఎన్‌డీపీ 2002 అరబ్ మానవాభివృద్ధి నివేదిక ప్రకారం అక్కడ సుమారు 6.5 కోట్ల మంది వయోజనులు నిరక్షరాస్యులు. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మహిళలే. కానీ మతం ఒకటే అయినా జోర్డాన్‌లో అక్షరాస్యత చాలా ఎక్కువ, యెమెన్‌లో చాలా తక్కువ. యెమెన్‌ను పేదరికం, యుద్ధం దెబ్బతీశాయి.

ఈ కోల్‌కతాలోనే 1911లో బేగం రోకియా ఎనిమిది మంది ముస్లిం బాలికలతో సఖావత్ మెమోరియల్ పాఠశాల నడిపారు. ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించారు. తెరలు కట్టిన బండి ఏర్పాటు చేశారు. పరదా పాటించే ఇళ్ల అమ్మాయిలు కూడా బడికి వచ్చారు. ఆ బడి నేటికీ ఉంది.

కాబట్టి మిత్రులారా, జవాబులో మతం అని రాసేముందు బడి ఎంత దూరం, మహిళా టీచర్ ఉన్నారా, రవాణా ఉందా, బడ్జెట్ ఎంత అని చూడండి. ప్రభుత్వం సరిచేయగలిగే కారణాలు ఇవే. రేపు మనం ఆఫీసర్లమైతే మన చేతిలో ఉండేవీ ఇవే.