కొండవీటి చాంతాడు

పొడుగాటి వస్తువు ఏది కనబడినా మనవాళ్ళు కొండవీటి చాంతాడంటారు. ఆ వూళ్ళో నూతులు లోతు కనక తాడు పొడుగని పెద్దల మాట. ఆ కొండవీట్లోనే వొక డాబా యిల్లు బాంకి వేలానికి వచ్చింది. ఆ ప్రకటన, దాని వెనక షరతులు చదివాక, నూతిలో తాడే పొట్టిదనిపించింది నాకు.

“బయటి ధరకన్న చవక బావా! పాడేద్దాం” అన్నాడు మా బావమరిది. అతని వుద్యోగం చిలకలూరిపేటలో. యిల్లు కొనాలని పదేళ్ళుగా కల.

యీ వేలాలకి మూలం 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం. బాకీ మొండిబాకీ అయితే బాంకి కోర్టు మెట్లెక్కకుండానే తాకట్టు ఆస్తి అమ్ముకోవచ్చు. ముందు 60 రోజుల నోటీసు, పిమ్మట స్వాధీనం, దానికి రెండు పత్రికల్లో ప్రకటన, ఆపైన 30 రోజుల గడువిచ్చి పాట. వ్యవసాయ భూమికి యీ చట్టం వర్తించదు. మిరపచేను యీ దారిన పోదు గాని, ఆ చేను చేసుకునేవాడి యిల్లు పోతుంది!

పాట దక్కినవాడు ఆ రోజుగాని, మర్నాటి పనిదినానికిగాని ధరావతుతో కలిపి నాలుగోవంతు కట్టాలి. మిగతాది, పాట ఖాయమైన 15 రోజుల్లో. బాంకి వొప్పుకుని గడువు పెంచినా మొత్తం మూడు నెలలు దాటదు. తప్పితే కట్టింది కూడా హరీ! పాట దక్కాక అప్పు పుట్టించుకోవచ్చులే అని మా బావమరిది ధైర్యం. అతనికి పెళ్ళి కుదిర్చిన రోజుల్లోనూ యిదే ధైర్యం చూశాను.

ప్రకటనలో వొక ముక్క దగ్గర నేను వేలు పెట్టాను. ‘నామమాత్రపు స్వాధీనం’ అని వుంది. అంటే గోడకి కాగితం అంటించారు, మనుషులు లోపలే వున్నారు. 1515లో కృష్ణదేవరాయలు యిదే వూరి దుర్గాన్ని ముట్టడించి, లోపలున్న వీరభద్ర గజపతిని పట్టుకున్నాకే కోట తనదన్నాడు. గుమ్మానికి కాగితం అంటించి వెళ్ళిపోలేదు.

ఆదివారం పూట వెళ్ళి చూశాం. అరుగుమీద ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని బాంకివాళ్ళనుకుంది. అయినా లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. “యెప్పుడు ఖాళీ చెయ్యమంటారు బాబూ? పిల్లకి పరీక్షలయ్యేదాకా ఆగరా?” అంది. మేము బాంకివాళ్ళం కామని చెప్పాను. ఏం వాళ్ళమో మాత్రం చెప్పలేకపోయాను. మా బావమరిది గదుల కొలతలు అడగడానికి తెచ్చిన టేపు జేబులోంచి తీయలేదు.

ఆవిడ కుటుంబానికి చట్టంలో దారి లేకపోలేదు. బాంకి చర్య తీసుకున్న 45 రోజుల్లో అప్పుల వసూలు ట్రిబ్యునలుకి వెళ్ళవచ్చు. బాకీ పూర్తిగా కట్టి యిల్లు విడిపించుకునే హక్కు మాత్రం వేలం ప్రకటన వెలువడేదాకానే. 2016 సవరణ అదే. 2023లో సుప్రీంకోర్టూ అదే అంది. ప్రకటన యిదివరకే పడింది.

కొనేవాడి మాట వేరు. అసలు స్వాధీనం కోసం బాంకి జిల్లా మేజిస్ట్రేటుని ఆశ్రయించాలి. ఆ లోగా ట్రిబ్యునలు స్టే యిస్తే పాటగాడి సొమ్ము అక్కడ, పాటగాడు అద్దె కొంపలో. ఎంత చవక యిల్లయినా యీ నిరీక్షణ ఖరీదు కలిపి చూడాలని నా వుద్దేశం. రిజర్వు ధరకి ఎవరూ రాకపోతే 15 రోజుల గడువుతో మళ్ళీ పాట పెడతారు, కొంపలేమీ అంటుకోవు.

చివరికి మా బావమరిది బాంకికి వొక వుత్తరం రాశాడు: ట్రిబ్యునల్లో కేసుందా? యిల్లు ఖాళీ చేయించి యిస్తారా? జవాబు వచ్చేదాకా ధరావతు కట్టనన్నాడు. యీ లోపల రిజిస్ట్రారాఫీసులో యీసీ తీయించమన్నాను, పంచాయతీలో యింటిపన్ను బకాయి అడగమన్నాను. కరెంటాఫీసుకీ పొమ్మన్నాను. పాత యజమాని బకాయి తీరిస్తేనే కొత్త కనెక్షనిస్తామనే నిబంధన వుంటే అది చెల్లుతుందని 2023లోనే సుప్రీంకోర్టు తీర్పు. ‘వున్నది వున్నట్టుగా’ అమ్మడమంటే యిల్లొక్కటే కాదు, దాని బాకీలు కూడానట.