ఇంటి లెక్క లేని వీసా వద్దు

విదేశీ ఉద్యోగం పేరుతో కొండల్లోని యువతను విమానం ఎక్కించాలనుకునే ప్రతి ప్రభుత్వ సంస్థా ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ జీతంతో ఆ మనిషి ఇల్లు గడుస్తుందా? నెలకు ఇంత వస్తుందని ప్రకటనలో రాయడం సులువే. ఆ డబ్బుతో భార్యాబిడ్డలను వెంట ఉంచుకోగలరా, ఉంచుకోలేకపోతే ఇక్కడ మిగిలిన ఇంటికి పడే ఖర్చెంత, దాన్ని ఎవరు మోయాలి అన్నది మాత్రం ఏ కాగితం మీదా కనిపించదు. అది తేలని ఒప్పందంతో అరకు, పాడేరు, పార్వతీపురం కొండల నుంచి ఒక్క మనిషిని కూడా ప్రభుత్వం తన చేతులమీదుగా పంపకూడదు. పంపితే అది ఉపాధి కల్పన అనిపించుకోదు. ఒక కుటుంబాన్ని విడగొట్టి, ఆ భారాన్ని ముసలివాళ్ల మీదా పసిపిల్లల మీదా వేయడమే అవుతుంది.

ఈ విషయంలో గల్ఫ్ దేశాల చట్టాలు దేన్నీ దాచలేదు. కువైట్ ఇంటిపనివారి కనీస వేతనాన్ని 2016లో నెలకు 60 దీనార్లుగా నిర్ణయించింది. అదే కువైట్, కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఉండాల్సిన నెల జీతాన్ని 2024 జనవరిలో 800 దీనార్లకు పెంచింది. రెండింటి మధ్య తేడా పదమూడు రెట్లు. అక్కడి ఇళ్లలో వంట చేసే, పిల్లల్ని సాకే, కారు నడిపే మనిషి జీవితమంతా కష్టపడినా ఆ గీత దాటలేరు. యూఏఈ 2019లో వృత్తుల జాబితాను పక్కనపెట్టి ఆదాయ షరతు తెచ్చింది. నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతి ఉంటే 3,000 ఉన్నవాళ్లే ఇంటివాళ్లను పిలిపించుకోగలరు. సౌదీ అరేబియా 2017 జూలైలో వెంట ఉన్న ప్రతి కుటుంబ సభ్యుడి మీదా నెలకు 100 రియాళ్ల రుసుం మొదలుపెట్టి, ఏటా వంద చొప్పున పెంచి 2020 నాటికి 400కు తెచ్చింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో ఇంటద్దె కట్టకముందే, బియ్యం కొనకముందే నెలకు 1,200 రియాళ్లు పోతాయి. ఆ దెబ్బకు ఇంటివాళ్లను స్వదేశానికి పంపేసి తాము మాత్రం పదిమంది ఉండే గదుల్లోకి మారిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు.

గల్ఫ్‌నే నిందించి ఊరుకుంటే సరిపోదు. వృద్ధుల సంరక్షణకు మనుషులు చాలడం లేదని 2022 ఫిబ్రవరిలో తలుపులు తీసిన బ్రిటన్, 2024 మార్చి 11 నుంచి ఆ పనికి వచ్చేవాళ్లు జీవిత భాగస్వామిని, పిల్లలను వెంట తేకూడదని శాసించింది. 2025 జూలై 22న విదేశాల నుంచి ఆ నియామకాలనే ఆపేసింది. నమ్మి అప్పుచేసి, భాష నేర్చుకుని, పిల్లల పాస్‌పోర్టులు కూడా సిద్ధం చేసుకున్న ఇళ్లు మధ్యలో చిక్కుకుపోయాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నర్సింగ్ చదివినవాళ్లకు జర్మన్ నేర్పి జర్మనీ పంపే కార్యక్రమాలు సాగుతున్నాయి. మంచిదే. కాని తమ అర్హతను అక్కడి ప్రభుత్వం గుర్తించేదాకా సహాయకుల హోదాలో, తక్కువ జీతానికి పనిచేయాల్సి ఉంటుందనీ, ఆ కాలమంతా ఇల్లు రెండు చోట్ల నడపాల్సి వస్తుందనీ శిక్షణ మొదటి రోజే చెప్పాలి కదా.

ఈ కొండలకు వలస కొత్తది కాదు. బ్రిటిష్ పాలనలో గంజాం, విశాఖపట్నం ఏజెన్సీల నుంచి సవరలు, కోదులు, ఇంకా ఎన్నో తెగలవాళ్లు అస్సాం తేయాకు తోటలకు తరలిపోయారు. ఆ తోటల దొరలు కుటుంబాలను వద్దనలేదు. ఏరికోరి తీసుకుపోయారు. ఆకు కోయడానికి ఆడవాళ్ల చేతులు, కలుపు తీయడానికి పిల్లల చేతులు వాళ్లకు కావలసి వచ్చాయి. కుటుంబం మొత్తం పనిచేస్తే తప్ప కడుపు నిండనంత తక్కువగా ఒక్కొక్కరి కూలి కట్టారు. 1932లో వచ్చిన తేయాకు జిల్లాల వలస కార్మికుల చట్టం, మూడేళ్లు పనిచేసిన కూలీని, కుటుంబాన్ని యజమాని ఖర్చుతో సొంత ఊరికి చేర్చాలని చెప్పింది. అయినా వేలాది మంది తిరిగి రాలేదు. వాళ్ల మునిమనుమలు నేడు అస్సాంలో ఇతర వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. ఇక్కడి కొండల్లో అదే తెగ, అదే ఇంటిపేరు ఉన్నవాళ్లకు షెడ్యూల్డ్ తెగ హోదా ఉంది. అక్కడివాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నా దక్కలేదు.

ఆ చరిత్రను, నేటి కువైట్ నిబంధనను పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పటి యజమానికి ఇంటిల్లిపాదీ కావాలి కనుక ఇంటిల్లిపాదినీ తోలుకుపోయాడు. ఇప్పటి యజమానికి ఒక్క మనిషి చాలు కనుక మిగిలినవాళ్లను గడప బయటే ఆపేస్తున్నాడు. రెండుసార్లూ కుటుంబం ఎక్కడ ఉండాలో నిర్ణయించింది పని ఇచ్చేవాడే. వెంట వెళ్లడమే న్యాయమనీ, ఇక్కడే ఉండిపోవడమే న్యాయమనీ మేము అనడం లేదు. ఆ నిర్ణయం ఆ భార్యాభర్తలది కావాలి. అందుకు వాళ్ల చేతిలో నిజమైన లెక్క, అప్పుల్లేని దారి ఉండాలి.

అసలు కొండ దిగాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో ప్రభుత్వాలకు తెలియనిది కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 జనవరి నాటి జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. బీఈడీ, డీఈడీ చదివి ఊరి బడిలో పంతులు ఉద్యోగం కోసం ఎదురుచూసిన తరానికి ఆ తలుపు మూసుకుపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు హామీలిచ్చాయి తప్ప ఆ లోటును పూడ్చలేదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2017లోనే పారిస్‌లో దాని పేరుతో దుకాణం తెరిచారు. ఆ పేరు ప్రతిష్ఠలు నిజమే, రైతుకు మేలు జరిగిన మాటా నిజమే. కాని ఎకరమో రెండెకరాలో ఉన్న తోట మీద ముగ్గురు కొడుకులు బతకలేరు. చదువుకున్నవాడికి చదువుకు తగ్గ పని లేదు, చదువు మానేసినవాడికి ఏడాది పొడుగునా పని లేదు. గుంటూరు మిరప కోతలు, చెన్నై కట్టడాలు, హైదరాబాదు అపార్టుమెంట్ల కాపలా పని చూసివచ్చినవాళ్లకు ఏజెంటు చెప్పే దుబాయి మాట తీయగా వినిపించడంలో తప్పేముంది? 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతం ఆ తీపి మాట ఎంతదూరం తీసుకుపోగలదో చూపించింది. కంప్యూటరు ఉద్యోగమని నమ్మి వెళ్లిన ఉత్తరాంధ్ర యువకులను అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు.

కడప, రాజంపేట, రాయచోటి, కోనసీమ ఊళ్లకు కువైట్ దారి పాతది. ఎవరు మంచి కఫీలు (పని ఇచ్చే యజమాని), ఏ వీసా మోసం, ఇఖామా (నివాస అనుమతి) ఎప్పుడు చూసుకోవాలి అన్న తెలివిడి అక్కడ రెండు తరాలుగా ఇంటింటా పోగుపడింది. వెళ్లేందుకు డబ్బు కావాలంటే అక్కడివాళ్లు బంగారం కుదువ పెడతారు, చెక్క పొలం అమ్ముతారు. కొండల్లో ఆ తెలివిడీ లేదు, ఆ ఆధారమూ లేదు. 1970 నాటి 1వ నంబరు నిబంధన షెడ్యూల్డ్ ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతోంది. దాన్ని ఎవరు కదిలించినా ఈ పత్రిక ఎదిరిస్తుంది. కాని భూమి తాకట్టు పెట్టలేని కుటుంబానికి బ్యాంకు అప్పివ్వనంటే, ఇంకా కోయని కాఫీ కాయను, తీగ మీది మిరియాన్ని చూపించి షావుకారు దగ్గర అప్పు తేవడం ఒక్కటే మిగులుతుంది. విదేశీ నియామకానికి ఏజెంటు తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమేనని కేంద్ర నిబంధన చెబుతోంది. ఆ సంగతి అరకు శుక్రవారం సంతలో ఎంతమందికి తెలుసు? షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల నిబంధన 1960 నుంచీ ఉంది. వీసా పేరుతో చేతులు మారే అప్పు కూడా దాని కిందికే వస్తుందని చెప్పి కేసు పెట్టాల్సిన బాధ్యత రెవెన్యూ అధికారులది.

వెనక మిగిలిన ఇంటి సంగతి చూద్దాం. కాఫీ పండ్లు నవంబరు నుంచి జనవరి దాకా విడతలు విడతలుగా ఎర్రబడతాయి. పండిన కాయను ఎప్పటికప్పుడు కోసి, పల్పు తీసి, ఆరబెట్టాలి. ఇంట్లో ఒక జత చేతులు తగ్గితే కూలికి మనిషిని పెట్టాలి, లేదా కాయ నేల రాలుతుంటే చూస్తూ ఉండాలి. నీడ చెట్ల కొమ్మలు నరకడం, మిరియాల తీగ ఎక్కి కోయడం ఇక్కడ మగవాళ్లు చేసే పనులు. మనిషి లేకపోతే వాటికీ కూలి ఇవ్వాలి. రోడ్డు లేని గూడెంలో ముసలితల్లికి జ్వరమొస్తే డోలీ మోయడానికి నలుగురు కావాలి, ఆ నలుగురిలో ఒకడు ఎడారిలో ఉంటాడు. పిల్లలు ఆశ్రమ పాఠశాలకు పోతారు. చదువు చెప్పడానికి కట్టిన ఆ బడి మీద తల్లి చేయాల్సిన పని, తండ్రి చేయాల్సిన పని కూడా పడుతుంది. అటవీ హక్కుల చట్టం కింద పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది. ఇద్దరిలో ఒకరు ఏళ్లతరబడి లేని ఇంట్లో సరిహద్దు తగాదా వస్తే నిలబడి మాట్లాడేదెవరు? విదేశం నుంచి వచ్చే సొమ్ములో ఈ ఖర్చులన్నీ తీసివేసి, అప్పు వడ్డీ కట్టి, మిగిలింది చూడాలి. కువైట్ కనీస వేతనంలో అక్కడి ఫోనుకు, మందులకు పోగా పంపిన దాంట్లోంచి ఈ తీసివేతలు చేస్తే మొదటి రెండేళ్లూ కుటుంబానికి మిగిలేది చాలా తక్కువ. పిల్లల బాల్యంలో ఆ రెండేళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆడవాళ్ల విషయంలో చట్టం రక్షణ అనుకున్నది ఉచ్చుగా మారింది. పదో తరగతి పాసుకాని వాళ్లకు ఇచ్చే ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో 2006లో ఏర్పడిన ఓంక్యాప్ అలాంటి సంస్థే. ఆ దారి నెమ్మదిగా కదులుతుంటే, ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి వారంలో పంపించేస్తాడు. అలా వెళ్లినవాళ్లకు నమోదు లేదు, బీమా లేదు. 275 రూపాయలకు రెండేళ్లు, 375కి మూడేళ్లు 10 లక్షల భరోసా ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా వాళ్లకు అందదు. ఆడవాళ్లను ఆపడం పరిష్కారం కాదని ఇన్నేళ్ల అనుభవం చెప్పింది. వయసు చూసి కాదు, ఒప్పందం చూసి ఆపాలి.

ఇష్టపడి వెళ్లేవాళ్ల మధ్యకు ప్రభుత్వం ఎందుకు రావాలని అడిగేవాళ్లున్నారు. వచ్చే డబ్బు పంచుకోవడానికి రాష్ట్రం ముందుంటున్నప్పుడు ఖర్చు పంచుకోవడానికీ ఉండాలి. ప్రవాసుల డబ్బుతో ఊళ్లు బాగుపడ్డాయని ప్రతి వేదిక మీదా చెప్పుకునేవాళ్లు, వాళ్ల పిల్లల సంగతి వచ్చేసరికి అది వాళ్ల సొంత విషయం అనడం అన్యాయం. ఫిలిప్పీన్స్ 2006లోనే ఇంటిపనివారికి 400 డాలర్ల కనీస జీతం పట్టుబట్టింది, వాళ్ల నుంచి నియామక రుసుము వసూలు చేయకూడదంది. ప్రవాస కార్మికుల పిల్లలకు చదువు సాయం ఇస్తోంది. కేరళ 1996లోనే ప్రవాసులకు ప్రత్యేక శాఖ పెట్టింది. తెలంగాణ 2024లో గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం, గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. వీటిలో ఏదీ పూర్తి పరిష్కారం కాదు. కాని ఇంట్లో మిగిలినవాళ్లు కూడా లెక్కలోకి వస్తారని ఆ ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ మాత్రం అరకు, పాడేరు ఉన్న అల్లూరి జిల్లా విషయంలో ఆ పాటి ఒప్పుకోలు కూడా చేయలేదు.

చేయాల్సిన పని స్పష్టం. ఓంక్యాప్ గానీ, నైపుణ్యాభివృద్ధి సంస్థ గానీ చూపే ప్రతి విదేశీ ఉద్యోగానికీ కుటుంబ లెక్క పత్రం జతచేయాలి. ఆ దేశంలో కుటుంబ వీసాకు ఎంత జీతం ఉండాలి, ఈ ఉద్యోగం దానికి అందుతుందా, అందకపోతే ఏటా జీతంతో కూడిన సెలవు, రానుపోను టికెట్టు ఒప్పందంలో ఉన్నాయా అన్నది తెలుగులో రాయాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో వాళ్ల భాషలోనే, భార్యాభర్తలిద్దరి ముందూ చదివి వినిపించాలి. ప్రయాణ ఖర్చును గిరిజన ఆర్థిక సహకార సంస్థ ట్రైకార్ తక్కువ వడ్డీకి ఇచ్చి జీతం నుంచి వాయిదాల్లో తీసుకోవాలి. తల్లో తండ్రో విదేశంలో ఉన్న పిల్లల జాబితా ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఉండాలి, వాళ్లను చూసుకోవడానికి అదనపు సంరక్షకురాలిని పెట్టాలి. నియామకాలు చేసే ఏజెంట్ల పేర్లు, లైసెన్సు నంబర్లు గ్రామసభలో చదవాలి. వెళ్లాలా వద్దా అన్నది మాత్రం గ్రామసభ చేతికి పోకూడదు, అది ఆ ఇంటి హక్కు. 1983 నాటి వలస చట్టం స్థానంలో తేవడానికి కేంద్రం 2025 అక్టోబరులో బయటపెట్టిన ముసాయిదా బిల్లు తుది రూపంలో ఈ కుటుంబ లెక్క తప్పనిసరి కావాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. అరకు ఎంపీ ముందుండి అడగాలి.

దీనికి కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. రాష్ట్రం ఒక్క ఉత్తర్వుతో మొదలుపెట్టవచ్చు. వచ్చే కాఫీ కోతలకు ముందే ఆ ఉత్తర్వు రావాలి. అప్పటిదాకా కుటుంబ లెక్క పత్రం లేని ఏ విదేశీ నియామక మేళాకూ పాడేరు ఐటీడీఏ తన ప్రాంగణాన్ని ఇవ్వకూడదు.