అష్రఫీ పరువు తూకంలోనే

ఇటీవల ఇబ్రహీంపట్నంలో ఒక వలీమా విందులో ఓ కుర్రవాడు సెల్‌ఫోన్ నా చేతికిచ్చాడు. "చూడండి మౌల్వీసాబ్, నిజాం నవాబు 1965లో దేశానికి ఐదు టన్నుల బంగారం దానం చేశారట!" అన్నాడు. అతని ముఖంలోని గర్వాన్ని నేను తప్పుపట్టను. లెక్కే తప్పు.

బంగారు నాణెం రాజ్యగౌరవానికి గుర్తు. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో బొమ్మలు లేని దీనారును ముద్రింపజేసి, ఇస్లామీ రాజ్యానికి సొంత నాణెం ఇచ్చాడు. జహంగీర్ చక్రవర్తి 1613లో ఆగ్రాలో వెయ్యి మొహర్ల నాణెం వేయించాడు. దాని బరువు దాదాపు 12 కిలోలు! అది బజారు కోసం కాదు, దర్బారు ఘనత కోసం. ఏడో నిజాం తన అష్రఫీ మీద చార్మినార్‌ను, దాని ద్వారంలో ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం 'ఐన్'ను ముద్రించాడు.

అయితే సరాఫు అష్రఫీ మీది ముద్ర చూసి మురిసిపోడు. గీటురాయి మీద గీస్తాడు, త్రాసులో వేస్తాడు. తూకం నిలిస్తేనే ముద్రకు పరువు.

మరి మనం చెప్పుకునే కథను త్రాసులో వేద్దాం. 1965లో నిజాం ఇచ్చినది 425 కిలోలు. అదీ దానం కాదు, జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టుబడి.

425 కిలోలు తక్కువా? యుద్ధం జరిగిన ఏడాది, దేశానికి బంగారం అవసరమైన వేళ ఇచ్చినది అది. దాన్ని ఐదు వేల కిలోలు చేయవలసిన అవసరం మనకెందుకు వచ్చింది? మన దేశభక్తిని ఎవరో శంకిస్తారన్న బాధతో బరువైన సాక్ష్యం వెతుక్కుంటున్నాం. ఆ బాధ నాకు తెలుసు. కాని దొంగ తూకం బయటపడిన రోజున అసలు బంగారాన్ని కూడా ఎవరూ నమ్మరు. తూనికల్లో మోసం చేసేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తుంది. మాటకూ తూకం ఉంటుంది కదా!

తల్లిదండ్రులారా! పిల్లలకు మన చరిత్ర చెప్పండి. ఉన్నంతే చెప్పండి. ఫోనులో వచ్చినదాన్ని పదిమందికి పంపే ముందు ఒకసారి తూచడం నేర్పండి.

"అయితే ఏమని చెప్పాలి?" అని ఆ కుర్రవాడు చిన్నబుచ్చుకుని అడిగాడు.

"425 కిలోలని చెప్పు నాయనా, పెట్టుబడి అని చెప్పు. మన పరువుకు అది చాలు" అన్నాను.