‘అడ్జస్ట్’ చేసేదెవరు? అయ్యేదెవరు?

జనగామ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి నాలుగో ఆమె వచ్చి ‘జర అడ్జస్ట్ గాండ్రి అక్కా’ అంటుంది. అందరం తలా కాస్త జరుగుతాం. ఈ అడ్జస్ట్‌తో నాకు పేచీ లేదు.

ఇంగ్లీషు క్రియ ఏదైనా తెలుగులోకి వస్తే దాని వెనక ‘చేయు’ అన్నా చేరుస్తాం, ‘అవు’ అన్నా చేరుస్తాం. మహబూబాబాద్‌లో మిర్చి రైతుకిచ్చిన అప్పును అడ్తి సేటు పంట డబ్బులో అడ్జస్ట్ చేస్తాడు. ఖాతా పుస్తకం అతని చేతిలోనే ఉంటుంది. భూపాలపల్లి సింగరేణి కాలనీలో, నైట్ షిఫ్ట్ చేసొచ్చిన భర్త పగలు పడుకుంటే పిల్లల నోరు మూయిస్తూ వంట చేసుకునే ఇల్లాలు ‘అడ్జస్ట్ అయిపోయిన’ అంటుంది. పెత్తనమున్నవాళ్ళు చేస్తారు, లేనివాళ్ళు అవుతారు.

దెబ్బలు తిన్న స్త్రీకి పెద్దమనుషులు చెప్పేదీ ఈ మాటే. వాళ్ళే కాదు, మనమూ చెబుతున్నాం. ఏళ్ళ కిందట జనగామ దగ్గరి ఒక ఊళ్ళో పంచాయితీలో కూర్చుని నేనూ అన్నాను. ‘ఎంత గావాలె మేడం? జానెడా, మూరెడా?’ అని అడిగిందామె. నా డాక్టరేటు ఆ ప్రశ్నకు అక్కరకు రాలేదు.

‘సంసారమన్నాక ఇద్దరూ సర్దుకోవద్దా’ అంటారు. కొట్టినవాడినీ, దెబ్బలు తిన్న మనిషినీ చెరి కాస్త జరగమనడం సమానత్వం ఎట్లా అవుతుంది? చట్టం కూడా అట్లా అనలేదు. 2006 అక్టోబర్ 26 నుంచి అమలులోకి వచ్చిన గృహహింస చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం మెజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. అయితే ఆ కౌన్సెలింగ్ హింస మళ్ళీ జరగదన్న హామీ రాబట్టడానికని 2006 నిబంధనల్లో 14వ నిబంధన చెబుతోంది. తాను చేసిన హింసకు భర్త అక్కడ సాకులు చెప్పుకోవడానికి వీల్లేదు, ఇకపై చేయనని రాసివ్వాలి. ఆమె ఓర్చుకుంటానని రాసివ్వాలని ఎక్కడా లేదు. 17వ సెక్షన్ ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఆమెకిచ్చింది. ఇంత స్పష్టంగా ఉన్నా మన రిజిస్టర్లలో మాత్రం ‘కౌన్సెలింగ్ చేశాం, అడ్జస్ట్ అయింది’ అన్న ఒక్క ముక్కతో కేసు ముగుస్తోంది. ఆమె ఏం వదులుకుంది? కూలి డబ్బులా, పుట్టింటి రాకపోకలా, ఫోనా? ఆ ముక్కలో ఇవేవీ కనిపించవు.

మొన్న మహబూబాబాద్ సమావేశంలో ఈ గొడవే చాలాసేపు నడిచింది. చివరికి ఒక కార్యకర్త తన రిజిస్టరు తెరిచి, ఆ మాట కొట్టేసి, పక్కన ఇట్లా రాసుకుంది: ‘భర్త నుంచి హామీ పత్రం ఇంకా తీసుకోలేదు. మళ్ళీ పిలిపించాలి.’