గోడ కూల్చితే గది పెద్దదవుతుందా?

ఈ టపా కాస్త ఘాటుగానే ఉంటుంది. కూకట్‌పల్లిలో కాపురముంటూ హైటెక్ సిటీలో కొలువు చేసే మనలో చాలామందికి పరిచయమైన ఒక దురలవాటు మీద నా వాదన ఇది. మిథ్యాయంత్రం, అంటే వర్చువల్ మెషీన్, మొరాయించగానే కారణం వెతకకుండా దాని చుట్టూ ఉన్న రక్షణను పీకి పారెయ్యడమే ఆ అలవాటు.

విషయం తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. లైనక్సులో డిస్కు వంటి చాలా పరికరాలు 'డెవ్' అనే సంచయంలో దస్త్రాలుగా కనిపిస్తాయి. లిబ్‌వర్ట్ అనే నిర్వాహక సాఫ్ట్‌వేరు ఒక మిథ్యాయంత్రాన్ని నడపబోయే ముందు, దానికి కావలసిన డిస్కు దస్త్రం యాజమాన్యాన్ని క్యూఎము ప్రక్రియ పేర మార్చి, ఎస్‌ఈలైనక్సు చీటీ అంటిస్తుంది. పూర్వం ఇదంతా ఆతిథేయ యంత్రపు ఉమ్మడి సంచయంలోనే జరిగేది. ఆ సంచయానికి అసలు కాపలాదారు యూడెవ్. పరికరంలో ఏ కదలిక కనిపించినా అది తన నియమాల ప్రకారం యాజమాన్యాన్నీ చీటీనీ తిరగరాసేది. నడుస్తున్న యంత్రానికి ఉన్నట్టుండి తన డిస్కే పరాయిదయ్యేది.

2017 జనవరిలో వచ్చిన లిబ్‌వర్ట్ 3.0.0 ఈ తగవును తీర్చింది. ప్రతి మిథ్యాయంత్రానికీ ఒక సొంత మౌంటు పేరుబరి ఏర్పరచింది. 'నేమ్‌స్పేస్'కు తెలుగు వికీపీడియా వాడే 'పేరుబరి' అన్న మాట నాకెంతో ఇష్టం. ఆ బరిలో ఖాళీ డెవ్ సంచయాన్ని అమర్చి, నల్, జీరో, ర్యాండమ్, కేవీఎం వంటి అవసరమైన కొన్నింటినీ ఆ యంత్రానికి కేటాయించిన డిస్కులనూ మాత్రమే అందులో సృష్టిస్తుంది. ఆ తరువాతే క్యూఎమును నడుపుతుంది. యూడెవ్ చెయ్యి అక్కడికి చేరదు. పక్క యంత్రపు డిస్కు ఇక్కడ కనిపించనే కనిపించదు. ఈ ఆలోచన బెల్ ల్యాబ్స్ వారి ప్లాన్ 9 నాటిది. లైనక్సు కెర్నెల్‌లోకి 2002లో, 2.4.19తో వచ్చింది.

ఇంత చక్కని ఏర్పాటును మనవాళ్ళు ఏం చేస్తున్నారు? లిబ్‌వర్ట్‌కు తెలియకుండా, నేరుగా క్యూఎముకు ఆజ్ఞ ఇచ్చి నడుస్తున్న యంత్రానికి కొత్త డిస్కు తగిలిస్తారు. ఆ డిస్కు లోపలి సంచయంలో లేదు గనుక 'అలాంటి దస్త్రమేదీ లేదు' అన్న జవాబు వస్తుంది. బయట చూస్తే దస్త్రం నిక్షేపంగా ఉంటుంది! వెంటనే అమరికల దస్త్రంలో పేరుబరుల జాబితాను ఖాళీ చేస్తారు. అప్పటికీ పని జరగకపోతే క్యూఎమును రూటుగా నడుపుతారు, లేదా డిస్కుకు అందరూ చదివి రాయగల 666 అనుమతి తగిలిస్తారు. టిక్కెట్టు మూసి ఇంటికి పోతారు. నేను పనిచేసిన ఒక చోట (పేరు అనవసరం) ఈ మూడూ ఒకే యంత్రంలో చూశాను. ఎందుకని అడిగితే "అంతా మన కంపెనీ యంత్రాలే కదండీ, మనలో మనకు గోడలెందుకు?" అన్నారు.

ఈ వాదన నాకు మింగుడుపడదు. 2015 మేలో బయటపడిన 'వెనమ్' లోపాన్ని గుర్తుచేసుకోండి. ఎవరూ వాడని ఫ్లాపీ నియంత్రకపు కోడులో 2004 నుంచీ దాగిన పొరపాటు అది. మిథ్యాయంత్రం లోపలి దుండగుడు దాని ద్వారా క్యూఎము ప్రక్రియలోకే చొరబడగలిగేవాడు. అలా వచ్చినవాడికి ఒక్క డిస్కు కనిపించాలా, యాభై డిస్కులు కనిపించాలా? కేపీహెచ్‌బీలో ఏ అపార్టుమెంటుకైనా వాచ్‌మన్ ఉంటాడు. అయినా ఎవరి ఫ్లాటుకు వారు తాళం వేసుకుంటారు. పక్కింటివాళ్ళు దొంగలని కాదు, గేటు దాటినవాడు ప్రతి ఇంట్లోకీ దూరకూడదని.

పేరుబరి ఒక్కటే సర్వరక్షణ అని నేనూ అనను. రూటు అధికారంతో మెక్‌నాడ్ చేయగలిగినవాడు తనకు కావలసిన పరికర దస్త్రాన్ని లోపలే సృష్టించుకోగలడు. అందుకే సీగ్రూపుల పరికర నియంత్రణ, అధికారం లేని వాడుకరి, ఎస్‌ఈలైనక్సు కూడా ఉండాలి. ఒక తాళం చాలదంటే అర్థం రెండోది కూడా వెయ్యమని. ఉన్నదాన్ని విరగ్గొట్టమని కాదు.

సరైన మార్గం కష్టమైనదేమీ కాదు. డిస్కును లిబ్‌వర్ట్ ద్వారానే తగిలించండి. అదే పేరుబరిలోకి వెళ్ళి దస్త్రాన్ని సృష్టిస్తుంది, తీసేటప్పుడు తుడిచేస్తుంది. లోపల ఏముందో అనుమానం వస్తే ఆ ప్రక్రియ పేరుబరిలోకి ఎన్‌ఎస్‌ఎంటర్‌తో ప్రవేశించి కళ్ళారా చూడండి. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల బద్ధకానికి మూల్యం చెల్లించేది మనం కాదు, తన వివరాలు ఏ డిస్కులో ఉన్నాయో కూడా తెలియని ఖాతాదారు.

రేపు ఆఫీసుకు వెళ్ళగానే మీ అమరికల దస్త్రం ఒకసారి తెరిచి చూడండి. జాబితా ఖాళీగా కనిపిస్తే ఎవరు ఖాళీ చేశారో, ఎందుకు చేశారో అడగండి. వారి కారణం సబబైనదే అనిపిస్తే ఇక్కడ వ్యాఖ్య రాయండి, వాదించుకుందాం.