ఈ ఆటలకి సెలెక్షన్స్ లేవు

మా ఆకివీడు వైపు ఆటలకి సీజన్లుంటాయి. సంక్రాంతికి కబడ్డీ, ఎండాకాలం సెలవుల్లో వాలీబాల్. క్రికెట్‌కి మాత్రం సీజనంటూ లేదు, వానొచ్చి గ్రౌండు చెరువైపోతే తప్ప ఆగదు. పెద్ద రూల్సేం ఉండవు. చెప్పులు గట్టున వదిలేసి దిగిపోవడమే.

కానీ ఏ కాగితం మీదా రాయని రూలు ఒకటుంది. అబ్బాయైతే ‘మగాడిలా’ నడవాలి, ‘మగాడిలా’ అరవాలి. గొంతు కాస్త సన్నగా ఉన్నా, క్యాచ్ వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ‘ఆడంగోడు’ అనో ‘తేడా’ అనో పేరు పడిపోతుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అమ్మాయి కూతకెళ్తే ‘మగరాయుడు’. పేరు పడ్డాక ఏమవుతుందో మీకు తెలుసు. మొదట అది జోకు. తర్వాత టీములోకి పిలవడం మానేస్తారు. ఆఖరికి వాళ్లే రావడం మానేస్తారు.

అవుటై వెళ్లినవాళ్ల లెక్క స్కోరు పుస్తకంలో ఉంటుంది. ఇలా వెళ్లిపోయినవాళ్ల లెక్క ఎక్కడా ఉండదు. ఈ వారం కబుర్లు వాళ్ల గురించే. ఇలా గ్రౌండు వదిలి వెళ్లినవాళ్లు కొన్ని దేశాల్లో మళ్లీ గ్రౌండులోకి ఎలా వచ్చారో చూద్దాం. తర్వాత మన దగ్గరికొద్దాం.

ఒక డాక్టరు, పది పోటీలు

టామ్ వాడెల్ అని అమెరికాలో ఒక డాక్టరు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డెకథ్లాన్‌లో దిగాడు. డెకథ్లాన్ అంటే రెండు రోజుల్లో పది పోటీలు. పరుగులు, దూకడాలు, విసరడాలు అన్నీ ఒక్క మనిషే చెయ్యాలి. అందులో ఆయనది ఆరో స్థానం. ప్రపంచం మొత్తం మీద ఆరోవాడంటే ఆషామాషీ కాదు.

వాడెల్ గే. తనలాంటివాళ్లు ఆటలకి దూరంగా బతకడం చూశాడు. స్నేహితులతో కలిసి 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక క్రీడోత్సవం తలపెట్టాడు. దానికి ‘గే ఒలింపిక్స్’ అని పేరు పెట్టుకున్నారు. సరిగ్గా మొదలవ్వడానికి మూడు వారాలు కూడా లేదనగా, అమెరికా ఒలింపిక్ కమిటీ కోర్టుకెళ్లి ‘ఒలింపిక్’ అనే మాట వాడకూడదని ఆర్డరు తెచ్చింది. అప్పటికే బ్యానర్లు, కాగితాలు అన్నీ అచ్చయిపోయాయి. పేరు ‘గే గేమ్స్’ అయింది. దాదాపు 1,350 మంది వచ్చి ఆడారు.

కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా నడిచింది. 1987 జూన్‌లో 5-4 తేడాతో కమిటీయే గెలిచింది. కొద్ది రోజులకే, జులైలో, వాడెల్ ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 49. అంతకు ముందటేడు జరిగిన రెండో గే గేమ్స్‌లో, ఒంట్లో జబ్బు పెట్టుకునే జావెలిన్ విసిరి బంగారు పతకం తీసుకున్నాడు.

పేరు పోయింది గానీ ఆటలు పోలేదు. నాలుగేళ్లకోసారి జరుగుతూనే వచ్చాయి. 1994లో న్యూయార్క్‌లో పది వేల మందికి పైగా ఆడారు. రెండేళ్ల ముందు బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆడినవాళ్ల కంటే అది ఎక్కువ. డైవింగ్‌లో నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన గ్రెగ్ లుగానిస్ తాను గే అని అందరి ముందూ చెప్పింది ఆ వేడుకలోనే. 2018లో పారిస్‌కి 91 దేశాల నుంచి వచ్చారు. 2023 నవంబర్‌లో మొదటిసారి మన ఆసియాకి, హాంకాంగ్‌కి వచ్చాయి. అదే సమయంలో మెక్సికోలోని గ్వాదలహారాలోనూ జరిగాయి. 2026 వంతు స్పెయిన్‌లోని వాలెన్సియాది.

నాకు వీటిలో బాగా నచ్చింది పతకాల పట్టిక కాదు, ఎంట్రీ ఫారం. సెలెక్షన్ ట్రయల్స్ ఉండవు. ఇంత టైములో పరిగెత్తి ఉండాలన్న కండిషన్ ఉండదు. పేరు రాయించుకుని, ఫీజు కట్టి, మీ వయసు గ్రూపులో దిగొచ్చు. అరవై దాటినవాళ్లు కూడా ఈత కొడతారు. గే అయ్యుండాలన్న షరతు కూడా లేదు, ఎవరైనా ఆడొచ్చు. పాల్గొనడం, అందర్నీ కలుపుకోవడం, నీ రికార్డుని నువ్వే దాటడం. వాళ్లు చెప్పుకునే మూడు మాటలివే.

ఏడాదంతా ఆడేవాళ్లు

నాలుగేళ్లకోసారి పండగ సరే, మిగతా రోజుల సంగతేంటి? దానికి క్లబ్బులున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1974లోనే ‘ఫ్రంట్‌రన్నర్స్’ అనే పరుగు క్లబ్బు మొదలైంది. ఆ పేరుతో ఇప్పుడు చాలా నగరాల్లో క్లబ్బులున్నాయి. చేసే పని చాలా మామూలుది. వారానికోసారి కలుస్తారు, పరిగెత్తుతారు, తర్వాత కూర్చుని టిఫిన్ తింటారు. యూరప్‌లో 1992 నుంచి ‘యూరోగేమ్స్’ నడుస్తున్నాయి.

రగ్బీలో ‘బింగమ్ కప్’ ఉంది. మార్క్ బింగమ్ అనే గే రగ్బీ ఆటగాడి పేరు మీద పెట్టింది. 2001 సెప్టెంబర్ 11న హైజాక్ అయిన నాలుగు విమానాల్లో ఒకదాంట్లో అతనున్నాడు. హైజాకర్లని ఎదిరించిన ప్రయాణికుల్లో అతనొకడని నమ్ముతారు. ఆ విమానం గమ్యం చేరకుండానే పొలాల్లో కూలిపోయింది. 2002 నుంచి ప్రపంచం నలుమూలల గే రగ్బీ టీములు ఆ కప్పు కోసం ఆడుతున్నాయి. రగ్బీ అంటే ఒకరి మీద ఒకరు పడి గుద్దుకునే ఆట. ‘వీళ్లు సుకుమారం, ఆటలకి పనికిరారు’ అనేవాళ్లు ఆ మ్యాచ్ వీడియో ఒక్కటి చూస్తే చాలు.

‘వేరేగా ఎందుకు?’

ఇక్కడిదాకా చదివాక మీలో కొందరికి ఒక డౌటు వచ్చే ఉంటుంది. అందరితో కలిసి ఆడొచ్చుగా, వేరే ఆటలు దేనికి? న్యాయమైన ప్రశ్నే. అందరితో కలిసి ఆడనిస్తే ఇవి పుట్టేవే కావు, నా జవాబు అంతే.

నా ఫ్రెండు ఒకడున్నాడు. అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. వాడిది కొల్లేటి లంక ఊరు, పేరు చెప్పను. వాలీబాల్‌లో బంతి ఎత్తి ఇవ్వడంలో వాడికి వాడే సాటి. స్మాష్ కొట్టేవాడికి చప్పట్లు పడతాయి గానీ, సరైన ఎత్తులో బంతి పెట్టేవాడు లేకపోతే స్మాషే లేదు. ఇంటర్ రెండో ఏడాదిలో ఆట మానేశాడు. మోకాలు నొప్పని ఇంట్లో చెప్పాడు. అసలు సంగతి, బంతి ఎత్తిన ప్రతిసారీ వాడి చేతుల తీరు చూసి గట్టు మీంచి ఈలలు పడేవి. ‘ఓడిపోతే బాధ లేదురా, గెలిచినా అదే ఈల’ అన్నాడు నాతో.

ఇప్పుడు వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారం పొద్దున్నే ఒక గుంపుతో షటిల్ ఆడతాడు. వాడు గే అని వాళ్లందరికీ తెలుసు, వాళ్లలోనూ కొందరు అంతే. ‘అక్కడ నన్ను స్కోరు తప్ప ఇంకేం అడగరు’ అంటాడు. పదకొండేళ్ల తర్వాత మళ్లీ షూ లేసు కట్టుకున్నాడు. వేరేగా ఎందుకంటే, ఇందుకు. ముందు భయం లేకుండా చెమట పట్టే చోటు ఒకటి దొరకాలి. అది దొరికితే ఆ తర్వాత ఎక్కడైనా ఆడతారు.

హైదరాబాద్ ట్రాక్ మీద

ఇదంతా విదేశాల గోల అనుకోవద్దు. ద్యుతీ చంద్ ఒడిశా అమ్మాయే అయినా, ఆమె పరుగుకి పదును పెట్టింది హైదరాబాద్. కోచ్ నాగపురి రమేష్ మన తెలుగాయన, 2016లో ద్రోణాచార్య అవార్డు తీసుకున్నారు. ప్రాక్టీసుకి చోటిచ్చింది గోపీచంద్ అకాడమీ.

2014లో ఒంట్లో సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువుందని ఆమెని కామన్వెల్త్ టీములోంచి తీసేశారు. ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ న్యాయస్థానం రూలునే పక్కన పెట్టించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లు రెంటిలోనూ వెండి పతకాలు. అదే ఏడాది సెప్టెంబర్ 6న మన సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమ నేరం కాదని తేల్చింది. 2019 మేలో ద్యుతీ తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బయటికి చెప్పింది. జులైలో ఇటలీ వెళ్లి ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరిగెత్తి బంగారం తెచ్చింది. తర్వాత డోపింగ్ కేసులో నాలుగేళ్ల నిషేధం పడింది, అదీ నిజమే. కానీ మూడూ మూడు వేరే విషయాలు. హార్మోన్ కేసు వేరు, ప్రేమ వేరు, డోపింగ్ వేరు. మన కామెంట్లలో మాత్రం మూడింటినీ కలిపి ఒకే తిట్టు చేసేస్తారు.

ఆ తిట్టు ఎవరి మీదకైనా రావచ్చు. తెలంగాణ అమ్మాయి అగసర నందిని 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, ఏడు పోటీల హెప్టథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో నిలిచిన మన దేశపు అమ్మాయికీ ఆమెకీ తేడా నాలుగే పాయింట్లు. ఓడిన తోటి క్రీడాకారిణి, నందిని ట్రాన్స్‌జెండర్ అంటూ సోషల్ మీడియాలో పోస్టు పెట్టింది. సాక్ష్యం ఏమీ లేదు. పోస్టు తర్వాత తీసేశారు, పతకం నందినిదే. 2025లో ఆసియా చాంపియన్‌షిప్‌లో 5,941 పాయింట్లతో బంగారం కూడా గెలిచింది. చూశారా, ఈ ముద్ర వెయ్యాలంటే ఎదుటివాళ్లు నిజంగా ట్రాన్స్ కానక్కర్లేదు. బాగా ఆడితే చాలు.

పెద్ద పోటీల్లో ట్రాన్స్ మహిళలు మహిళల విభాగంలో ఆడొచ్చా అనేది వేరే చర్చ. మగపిల్లాడిగా యుక్తవయసు దాటినవాళ్లని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2023లో మహిళల ర్యాంకింగ్ పోటీల నుంచి ఆపేసింది. అందులో రెండు పక్కలా వాదనలున్నాయి. కానీ మన హైస్కూల్ గ్రౌండులో సాయంత్రం ఐదింటికి పడే మ్యాచ్‌కి ఆ వాదనతో పనేంటి? అక్కడ ఎవరి ప్రపంచ రికార్డూ పోదు.

మన చుట్టుపక్కల మంచి పనులూ జరిగాయి. 2017లో కేరళ ప్రభుత్వ క్రీడా మండలి తిరువనంతపురంలో ట్రాన్స్‌జెండర్లకి రాష్ట్ర స్థాయి క్రీడా పోటీలు పెట్టింది. మణిపూర్‌లో ‘యా ఆల్’ అనే సంస్థ ట్రాన్స్ అబ్బాయిలతో ఫుట్‌బాల్ టీము కట్టింది. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ గోషామహల్ పోలీసు గ్రౌండులో ట్రాఫిక్ అసిస్టెంట్ల ఎంపిక జరిగింది. 58 మంది ట్రాన్స్‌జెండర్లు వచ్చారు. 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. 44 మంది నెగ్గారు. రైల్లో చప్పట్లు కొడితే తల తిప్పుకునే మనం, వాళ్లు పరిగెత్తగలరని ఎప్పుడైనా అనుకున్నామా?

మరి మన ఊళ్లో?

ఆకివీడులో గే గేమ్స్ పెట్టమని నేను చెప్పట్లేదు. పెద్ద ఖర్చు లేని పనులు మూడు చెప్తాను. టోర్నమెంటు పెట్టేవాళ్లు, మ్యాచ్‌కి ముందు మైకులో ఒక్క ముక్క చెప్పండి, ఇలాంటి బూతులకి కార్డు పడుతుందని. కబడ్డీ రిఫరీ జేబులో పచ్చ, పసుపు, ఎర్ర కార్డులు ఎలాగూ ఉంటాయి. పీఈటీ సార్లు, ‘ఆడపిల్లలా ఆడతావేంట్రా’ అనే మాట మానేయండి. ఆడపిల్లలు మన రాష్ట్రానికి తెచ్చినన్ని పతకాలు తెచ్చాక కూడా అది తిట్టెలా అవుతుంది సార్? ఇక గట్టు మీద కూర్చుని చూసేవాళ్లం మనం. పక్కవాడు ఈల వేస్తే ‘ఆపరా’ అనడానికి డబ్బులేం అవ్వవు.

ఇది చదువుతున్నది గ్రౌండు వదిలేసినవాళ్లే అయితే, తమ్ముడూ, చెల్లీ, తప్పు మీ ఆటలో లేదు. ఎవరితోనూ ఏదీ చెప్పుకోవాల్సిన పని కూడా లేదు. నమ్మకమున్న ఇద్దరు ముగ్గురితో మొదలెట్టండి. ఫ్రంట్‌రన్నర్స్ చేసేదీ అంతే కదా, వారానికోసారి కలవడం, పరిగెత్తడం, టిఫిన్ తినడం.

మిగతావాళ్లకి ఒక్క పని. ఇదివరకు మీ టీములో బాగా ఆడి, ఎందుకో రావడం మానేసినవాళ్లు ఒకరైనా ఉంటారు. ఇప్పటికే ఎవరో ఒకరు గుర్తొచ్చి ఉంటారు. కారణాలు అడగొద్దు, ఓదార్చొద్దు. ఫోన్ చేసి ‘సాయంత్రం మ్యాచుంది, ఒకళ్లు తగ్గారు, వచ్చెయ్’ అనండి.